సిమెంటులో ఏ గని మట్టి కలపవచ్చు, ఏది కూడదు

సంపాదకుల వారికి,

నమస్కారం. గనుల దగ్గర గుట్టలుగా పేరుకుపోయిన విష వ్యర్థాలను సిమెంటుకు ముడిసరుకుగా వాడుకుంటే గుట్టలూ కరుగుతాయి, కొత్త తవ్వకాలూ తగ్గుతాయన్న మాట ఈ మధ్య తరచుగా వినబడుతోంది. ఆ మాటలో నిజముంది, నేను దానికి అనుకూలుణ్ణి. ఎర్రగుంట్ల పక్క సిమెంటు ల్యాబ్‌లో కెమిస్టుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ వ్యర్థం కుదురుతుందో, ఏది ఎంతమాత్రం కుదరదో విడమరచి చెప్పడం నా బాధ్యత అనిపించి రాస్తున్నాను. కొంచెం పొడవైనా దయచేసి పూర్తిగా అచ్చువేయండి.

మా అన్న కొడుకు వేముల మండలంలో అరటి పెడతాడు. తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం తన బురదను నిలవచేసే చెరువు వాళ్ళకు మరీ దూరమేమీ కాదు. బోరు నీళ్ళు మారిపోయాయని, తోటలు దెబ్బతింటున్నాయని ఆ చుట్టుపక్కల రైతులు ఏళ్ళ తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు. మొన్న ఇంటికొచ్చినప్పుడు వాడు అడిగాడు: "చిన్నాయనా, జిల్లా నిండా సిమెంటు ఫ్యాక్టరీలేనాయె. ఆ బురదంతా తీసుకుపోయి మీ బట్టీల్లో వేసి కాల్చేస్తే మా పీడ వదులుతుంది గదా?" వాడొక్కడే కాదు, బాగా చదువుకున్నవాళ్ళు కూడా నన్ను ఇదే అడుగుతున్నారు. అంత మంటలో ఏదైనా మాడి మసైపోతుందనే నమ్మకం జనంలో గట్టిగా ఉంది.

కిల్న్‌లో, అంటే సిమెంటు బట్టీలో, సరుకు సుమారు 1450 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, నిజమే. ఆ వేడికి నూనెలు, రంగులు, ప్లాస్టిక్కులు, పురుగుమందుల్లాంటివి విడిపోతాయి. కానీ సీసం, ఆర్సెనిక్, క్రోమియం, పాదరసం, రేడియం లాంటి మూలకాలను ఏ మంటా నాశనం చేయలేదు. లోపలికి ఎంత వెళ్ళిందో అంతా ఎక్కడో ఒకచోట తేలాల్సిందే. కొంత క్లింకర్‌లో (కిల్న్ నుంచి బయటికొచ్చే గడ్డలు, వాటిని నూరితేనే సిమెంటు) కలిసి బస్తాలోకి, అక్కణ్ణించి మన గోడల్లోకి పోతుంది. పాదరసం లాంటిది ఆవిరై చిమ్నీ దారి పడుతుంది. థాలియం, కొంతమేర సీసం ప్రీహీటర్‌కూ (కిల్న్‌లోకి వెళ్ళేముందు పిండిని వేడిచేసే భాగం) కిల్న్‌కూ మధ్య దుమ్ములో తిరుగుతూ పేరుకుంటాయి. అందుకని ఏ వ్యర్థాన్ని గురించైనా ల్యాబ్‌లో మేం మొదట అడిగేది ఒకటే: ఇందులో ఏముంది, అది చివరికి ఎక్కడికి చేరుతుంది? కాలుతుందా లేదా అన్నది ఆ తర్వాతి మాట.

ఇప్పుడు మావాడి ప్రశ్నకు వద్దాం. తుమ్మలపల్లెలో యురేనియం ఉన్న రాయి డోలమైట్ జాతిది. డోలమైట్ అంటే సున్నంతోపాటు మెగ్నీషియా ఉండే రాయి. స్వచ్ఛమైన డోలమైట్‌లో మెగ్నీషియా అయిదో వంతుకు పైమాటే. సిమెంటులో మెగ్నీషియా 6 శాతం దాటకూడదని మన ఐఎస్ 269 ప్రమాణం చెబుతుంది. దాటితే ఏమవుతుందో వెంటనే కనబడదు, అక్కడే ఉంది చిక్కంతా. కిల్న్‌లో బాగా కాలిపోయిన మెగ్నీషియా స్ఫటికాలు నీటితో చాలా మెల్లగా కలుస్తాయి. గోడ కట్టి, పూత పూసి, రంగు వేసి, గృహప్రవేశం అయిపోయిన కొన్నేళ్ళకు అవి ఉబ్బి లోపలినుంచి పగుళ్ళు తెస్తాయి. ఈ ప్రమాదం కనిపెట్టడానికే ల్యాబ్‌లో సిమెంటు కడ్డీని ఆటోక్లేవ్‌లో పెట్టి, ఆవిరి ఒత్తిడిలో ఎంత సాగిందో కొలుస్తాం. 0.8 శాతం కంటే ఎక్కువ సాగితే ఆ సిమెంటు పనికిరాదు. మా పక్క క్వారీల్లో సున్నపురాయి తవ్వేటప్పుడే డోలమైట్ పొర తగిలితే దాన్ని పక్కన పడేయిస్తాం. డబ్బిచ్చి తవ్విన మా సొంత రాయినే వద్దనుకునేవాళ్ళం, ఆ బురదను ఎలా తీసుకుంటాం?

రెండోది సోడియం. అక్కడ యురేనియం తీసే పద్ధతి ఆమ్లంతో కాదు, సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌లతో. ఆ లవణాల వాసన బురదను వదలదు. సిమెంటుకు సోడియం ఎందుకు గిట్టదో కింద ఎర్ర బురద దగ్గర చెబుతాను.

అన్నిటికన్నా పెద్దది రేడియం. యురేనియం తీసేసుకున్నాక కూడా రేడియం బురదలోనే ఉండిపోతుంది. రసాయన గుణాల్లో అది కాల్షియానికి దగ్గరి బంధువు, కాబట్టి కిల్న్‌లో ఆవిరై పోదు, సున్నంతో కలిసి క్లింకర్‌లో కుదురుకుంటుంది. దాని అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం తరగడానికి పట్టే కాలం, 1600 ఏళ్ళు. దాన్నించి రేడాన్ అనే వాయువు పుడుతూనే ఉంటుంది. ఆ వాయువు అర్ధాయువు నాలుగు రోజులలోపే, అయినా కిటికీలు మూసుకుని పడుకునే గదిలో ఊపిరితిత్తుల్లోకి చేరడానికి అది చాలు. రేడియం వెంట ఉండే పొలోనియం లాంటివి వేడికి ఆవిరై దుమ్ములోకి ఎక్కుతాయి, ఆ దుమ్ము మధ్య తిరిగేది ఫ్యాక్టరీలో ఊడ్చే మనిషి. ఇవాళ ఆ బురద ఒక చెరువులో ఉంది. చెరువుకు అడుగున పొర సరిగా వేయమని, చుట్టూ బోర్లు వేసి నీళ్ళు పరీక్షించమని, ఫలితాలు రైతుల చేతిలో పెట్టమని నిలదీయడానికి ఒక చోటు ఉంది. దాన్నే సిమెంటు చేసి రాష్ట్రమంతా ఇళ్ళకు పంచితే ఎవరిని, ఎక్కడ నిలదీస్తాం? మావాడికి ఇదే చెప్పాను. బాధ నాకు తెలుసు నాయనా, కానీ దీనికి మందు బట్టీలో లేదు, చెరువు కట్ట దగ్గరే ఉంది.

పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె పక్కన ఒకప్పుడు రాతినార, అంటే ఆస్బెస్టాస్, తవ్వేవాళ్ళు. ఆరోగ్య కారణాల వల్ల 1986 తర్వాత కొత్త లీజులు ఆగిపోయాయి. ఆ వ్యర్థపు గుట్టల విషయంలో మాత్రం మంట మీద జనం నమ్మకం కొంత నిజం. కిల్న్ వేడికి నార రూపం పోయి మామూలు ఖనిజంగా మారుతుంది. కానీ కిల్న్ దాకా చేర్చాలంటే తవ్వాలి, లారీకెత్తాలి, క్రషర్‌లో వేయాలి, పొడి చేయాలి. అడుగడుగునా ఆ నార గాలిలోకి లేస్తుంది. పైగా అందులో మెగ్నీషియా డోలమైట్‌లో కన్నా ఎక్కువ. కదపకుండా మట్టి కప్పి చెట్లు పెంచడమే మేలు.

కుప్పం మిత్రులు కోలార్ సంగతి అడుగుతుంటారు. అక్కడి బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. వందేళ్ళకు పైగా రాయి దంచి, సయనైడ్‌తో బంగారం తీశాక మిగిలిన పిండి సుమారు 3.3 కోట్ల టన్నులు దిబ్బలుగా పడి ఉంది. గాలికాలంలో ఆ పిండి ఇళ్ళలోకి కొట్టుకొస్తుంది. అక్కడ కాపురముండే వేలాది తెలుగు, తమిళ కుటుంబాలకు అది కొత్త కాదు. కానీ ఆ పిండిలో ఎక్కువ పాలు పలుగురాయి, అంటే సిలికా. అది గట్టిది, కిల్న్‌లో సున్నంతో ఒక పట్టాన కలవదు. మన సున్నపురాయిలో ఆ సిలికా ఇప్పటికే కావలసినంత ఉంటుంది. దాన్ని ఇటుకల్లో వాడటం మీద అక్కడి జాతీయ శిలా యాంత్రిక సంస్థ శాస్త్రవేత్తలు పరిశోధన చేసి 2007లో ప్రచురించారు. నా లెక్కన అదే సరైన దారి. మిగిలిన బంగారం కోసం 13 దిబ్బలను వేలం వేసే ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం సమ్మతించింది. బంగారం రెండోసారి తీశాక మిగిలే పిండిని ఏం చేయాలో ఆ వేలం షరతుల్లోనే రాయాలి.

ఇక కుదిరే సంగతి. అల్యూమినియం కోసం బాక్సైట్‌ను కాస్టిక్ సోడాతో ఉడికించి అల్యూమినా తీశాక మిగిలేది ఎర్ర బురద. టన్ను అల్యూమినాకు టన్ను నుంచి టన్నున్నర బురద వస్తుంది. దేశంలో ఏటా సుమారు 90 లక్షల టన్నులు పోగవుతోంది. మన సరిహద్దుకు ఆనుకునే, ఒడిశాలోని కొరాపుట్ జిల్లా దామన్‌జోడిలో ఏడాదికి 20 లక్షల టన్నులకు పైగా అల్యూమినా తీసే కర్మాగారం ఉంది. ఆ అల్యూమినా రైల్లో విశాఖ రేవుకు దిగుతుంది, బురద కొండ మీదే ఉండిపోతుంది. అది ఎంత ప్రమాదకరమో ప్రపంచానికి 2010 అక్టోబరు 4న తెలిసింది. హంగరీలోని అయికాలో ఎర్ర బురద చెరువు కట్ట తెగి పది మంది చనిపోయారు. క్షారం తగిలి జనం ఒళ్ళు కాలింది. 2019 ఏప్రిల్‌లో ఝార్ఖండ్‌లోని మురిలో అలాంటి గుట్టే కూలింది. కొండ మీద గుట్ట, కింద వాగు, ఆ వాగు మీద బతికే పల్లెలు ఉన్నచోట ఇది ఎప్పుడైనా జరగవచ్చు.

ఈ బురదలో ఇనుము, అల్యూమినా దండిగా ఉంటాయి. సిమెంటుకు కావలసినవీ అవే. సున్నపురాయి ఒక్కటే కాలిస్తే సిమెంటు కాదు. దానికి కొంత ఇనుము, కొంత అల్యూమినా తోడైతేనే కిల్న్‌లో సరుకు కొద్దిగా కరిగి, సున్నమూ సిలికా ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఆ రెండింటి కోసం ఫ్యాక్టరీలు వాడేది లేటరైట్ అనే ఎర్రరాయి. అది ఎక్కణ్ణించి వస్తోందో పాఠకులకు తెలుసు. తెలంగాణలో వికారాబాద్ వైపు పొలాల నుంచి, ఆంధ్రలో మన్యం అంచు కొండల నుంచి. నాతవరం మండలం భమిడికలో లేటరైట్ తవ్వకాల మీద 2021లో రేగిన వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. గిరిజనుల కొండలు తవ్వి, అడవిలో రోడ్లు వేసి, లారీల్లో వందల కిలోమీటర్లు తెచ్చేది ఇనుము, అల్యూమినాల కోసమే. అవే రెండూ పక్క రాష్ట్రంలో బురద రూపంలో కట్టల వెనక ఉరుముతూ కూచున్నాయి. నేనీ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే.

లెక్క చెబుతాను. టన్ను క్లింకర్‌కు సుమారు టన్నున్నర రా మీల్, అంటే కిల్న్‌లో వేసే ముడిసరుకు పిండి, కావాలి. అందులో లేటరైట్ 3 శాతం అనుకుందాం. ఏడాదికి 10 లక్షల టన్నుల క్లింకర్ తీసే ఒక మోస్తరు ఫ్యాక్టరీకి 45 వేల టన్నుల లేటరైట్ కావాలన్నమాట. అంటే పన్నెండు పూర్తి గూడ్సు రైళ్ళ సరుకు. ఒక్క ఫ్యాక్టరీ మారినా ఒక కొండ మీద పడే భారం అంత తగ్గుతుంది. పల్నాడు, నల్లగొండ, నంద్యాల, కడప, తాడిపత్రి పక్క ఫ్యాక్టరీలన్నీ కలిస్తే ఎంతవుతుందో మీరే ఊహించండి. ఇది కాగితం మీది ఆలోచన కూడా కాదు. హిండాల్కో, అల్ట్రాటెక్ సంస్థలు 2020లోనే ఒప్పందం చేసుకున్నాయి, ఏటా 12 లక్షల టన్నుల ఎర్ర బురదను ఏడు రాష్ట్రాల్లోని 14 సిమెంటు ఫ్యాక్టరీలకు పంపాలని.

మరి అడ్డేమిటంటే, సోడియం. ఎర్ర బురదలో కాస్టిక్ తాలూకు సోడియం ఆక్సైడ్ 5 శాతం ఉందనుకుంటే, 3 శాతం బురద కలిపిన రా మీల్‌లోకి 0.15 శాతం చేరుతుంది. కాలాక బరువు తగ్గుతుంది కాబట్టి క్లింకర్‌లో అది 0.22 దాకా తేలుతుంది. తక్కువ క్షారం సిమెంటు అనిపించుకోవాలంటే మొత్తం క్షారం, అంటే సోడియం, పొటాషియం కలిపిన లెక్క, 0.6 శాతం లోపే ఉండాలి. సున్నపురాయి, బొగ్గు తెచ్చే క్షారం ముందే ఉంటుంది, దాని మీద ఇది. కూరలో ఉప్పులాగా, ఎంత వేయాలో తెలిసినవాడి చేతిలో ఉంటే ఇబ్బంది లేదు. మోతాదు తప్పితే రెండుచోట్ల దెబ్బ. కొన్ని రకాల కంకరతో ఈ క్షారం కలిసి ఏళ్ళ తర్వాత కాంక్రీటును పగలగొడుతుంది. అంతకంటే ముందే ఫ్యాక్టరీలో ప్రీహీటర్ సైక్లోన్ల (పిండి సుళ్ళు తిరుగుతూ దిగే పెద్ద గరాటుల) గోడలకు అది గంధకంతో, క్లోరైడ్‌తో కలిసి గట్టిగా అంటుకుంటుంది.

సైక్లోన్ జామ్ అంటే ఏమిటో బయటివాళ్ళకు తెలియదు. కిల్న్ ఆపితే లక్షల నష్టమని, నడుస్తుండగానే తలుపు తీసి పొడవాటి రాడ్లతో, గాలి పైపులతో పొడుస్తారు. లోపల తొమ్మిది వందల డిగ్రీల వేడిలో నీళ్ళలా జారే పిండి. అడ్డం ఒక్కసారిగా ఊడితే అది ఆ తలుపులోంచి బయటికి దూకుతుంది. దాని కింద నిలబడేది ఎప్పుడూ కాంట్రాక్టు కార్మికుడే. కాబట్టి ఎర్ర బురద శాతం ఎంతన్నది కొనుగోలు విభాగం ధర చూసి నిర్ణయించే సంగతి కాకూడదు. గంటగంటకూ ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్‌రేలతో ఏ మూలకం ఎంతుందో చూపే యంత్రం) మీద నమూనా చూసే ల్యాబ్ నిర్ణయించాలి. బురదను గుట్ట దగ్గరే ఫిల్టర్ ప్రెస్‌లో బాగా పిండి, కడిగి, సోడియం తగ్గించి పంపాలి. ఆ ఖర్చు అల్యూమినా కంపెనీది, గుట్ట తనదే కాబట్టి. వ్యాగన్లకు, లారీలకు పట్టలు కప్పాలి. ఎండిన ఎర్ర దుమ్ము కళ్ళలో పడితే సున్నం పడ్డట్టే మండుతుంది.

ఇక్కడ ఇంకో తేడా చెప్పాలి, దీన్ని చాలామంది పట్టించుకోరు. వ్యర్థాన్ని కిల్న్‌కు ముందు ముడిరాయి నూరే రా మిల్లులో వేయడం వేరు, కిల్న్ దాటాక క్లింకర్‌తో కలిపి నూరడం వేరు. మొదటిదాంట్లో అది కరిగి కొత్త ఖనిజాల్లో కట్టుబడుతుంది. రెండోదాంట్లో అది ఉన్నది ఉన్నట్టే బస్తాలోకి వస్తుంది. రెండో దారి చవక, సులువు, అందుకే అటు మొగ్గు చూపుతారు.

నేను పనిచేసినచోట ఒకసారి జరిగింది చెబుతాను, ఫ్యాక్టరీ పేరు అనవసరం. రాక్ ఫాస్ఫేట్‌తో ఎరువులు చేసేచోట మిగిలే ఫాస్ఫోజిప్సమ్‌ను మామూలు జిప్సమ్ బదులు సిమెంటులో వాడటం దేశమంతా ఉన్నదే. మంచి పనే, గుట్టలు తగ్గుతాయి. కానీ అందులో ఫాస్ఫేటు, ఫ్లోరైడు మిగిలి ఉంటే సిమెంటు గట్టిపడటం ఆలస్యమవుతుంది. కొత్త లాట్ వచ్చింది. నమూనా మా బల్ల మీదికి చేరింది, పరీక్ష ఫలితం రాకముందే లాట్ మిల్లుకెక్కింది, పైనుంచి తొందర. ఆ రోజు వికాట్ అచ్చులో (సిమెంటు ఎంతసేపటికి బిగుస్తుందో చూసే పరికరం) ముద్ద పెట్టి సూది దించుతుంటే మామూలుగా నిలబడాల్సిన వేళకు ఇంకా కిందికి దిగిపోతోంది. బొటనవేలు గోరు నొక్కితే గుంట పడుతోంది. మర్నాడు ప్రొద్దుటూరు నుంచి ఒక మేస్త్రీ ఫోను: "సార్, పొద్దున పోసిన స్లాబు మాపటికి కూడా పచ్చిగానే ఉంది. మీ బస్తాలో ఏం కలిపినారు?" అంత్య సెట్టింగ్, అంటే ముద్ద పూర్తిగా బిగిసే సమయం, 600 నిమిషాలు దాటకూడదన్నది నియమం. ఆ స్లాబు తర్వాత గట్టిపడింది, ఇంటికి ఏమీ కాలేదు. కానీ ఆ మేస్త్రీ అడిగిన మాటకు జవాబు చెప్పే హక్కు నాకు ఉండేది కాదు, ఫోను పైవాళ్ళకు ఇవ్వమన్నారు. బస్తాలో ఏం కలిపారో అడిగినవాడికి చెప్పాల్సిందేనని అప్పటినుంచీ నా అభిప్రాయం.

మేస్త్రీల చేతులు ఎప్పుడైనా దగ్గరగా చూశారా? వేళ్ళ కణుపుల దగ్గర చర్మం బీటలు వారి, చలికాలంలో రక్తం చిమ్ముతుంటుంది. రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకుంటారు. "సిమెంటు తినేసింది సార్" అంటారు. అందులో సున్నం మంట కొంత, క్రోమియం దోషం కొంత. ముడిసరుకులో ఉన్న మామూలు క్రోమియం కిల్న్‌లో గాలి, క్షారం తగిలి ఆరో రూపానికి (హెక్సావలెంట్ క్రోమియం అంటారు) మారుతుంది, తడి సిమెంటులో కరిగి చర్మంలోకి పోతుంది. ఒకసారి ఆ ఎలర్జీ పట్టుకుంటే జన్మంతా వదలదు, చాలామంది పనే మానుకోవలసి వస్తుంది. డెన్మార్క్ 1983లోనే దీనికి హద్దు పెట్టింది. 2005 నుంచి ఐరోపా సమాఖ్య మొత్తంలో సిమెంటులో కరిగే ఆరో రూపం క్రోమియం పది లక్షల పాళ్ళలో రెండు పాళ్ళు మించకూడదు. మించితే ఫెర్రస్ సల్ఫేట్ కలిపి తగ్గిస్తారు, అదేమంత ఖరీదైనది కాదు. ఎర్ర బురదలో క్రోమియం ఉంటుంది. దాన్ని రానిస్తున్నామంటే ఈ హద్దు కూడా వెంటనే తెచ్చుకోవాలి. ఇక్కడ చేతులతో మాలు కలిపే మనిషికి తన బస్తాలో ఆ అంకె ఎంతో చెప్పే దిక్కు లేదు.

చట్టంలోనే ఒక లొసుగు ఉంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు ఫ్లై యాష్, ఫాస్ఫోజిప్సమ్, ఎర్ర బురద, జరోసైట్ (జింకు తీశాక మిగిలేది), లోహపు చిట్టెం, గనుల టైలింగ్స్ (ఖనిజం తీశాక మిగిలే పిండి) అన్నిటినీ 'ఎక్కువ పరిమాణం, తక్కువ ప్రభావం' అని ఒకే గాటన కట్టి ప్రమాదకర వ్యర్థాల జాబితా నుంచి బయట పెట్టాయి. బొగ్గు బూడిదకూ సీసం గని టైలింగ్స్‌కూ ఒకే పేరు పెడితే ఎలా? గుట్ట పెద్దదైనంత మాత్రాన అందులోని ఆర్సెనిక్ మెత్తబడదు. వేటికవి విడగొట్టి, ఒక్కోదానికి లోహాల హద్దులు, రేడియోధార్మికత హద్దులు, నానబెట్టి నీళ్ళలోకి ఎంత దిగుతుందో చూసే పరీక్ష హద్దులు రాయాలి.

ఇదంతా చదివి సిమెంటులో వ్యర్థాలు అసలే వద్దని ఎవరైనా అనుకుంటే నాకు బాధ కలుగుతుంది. మా పక్క ఆర్టీపీపీ, అంటే రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం, బూడిద కథే చూడండి. బూడిద సిమెంటు అంటే మొదట్లో జనం ముఖం తిప్పుకునేవాళ్ళు, కొట్టువాళ్ళు దాన్ని వెనక వరసలో పేర్చేవాళ్ళు. బూడిద వాడకాన్ని తప్పనిసరి చేస్తూ 1999లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. పీపీసీలో, అంటే బూడిద కలిపిన సిమెంటులో, 35 శాతం దాకా కలపవచ్చని ప్రమాణం ఉంది. బస్తా మీద ఫ్లై యాష్ ఆధారితం అని అచ్చు పడుతోంది. ఇవాళ అదే బూడిద లారీల కోసం పెద్దపెద్దవాళ్ళే కొట్లాడుకుంటున్నారు. ప్రమాణం రాశారు, బస్తా మీద చెప్పారు, అందుకే నమ్మకం కుదిరింది. విషం లేని సరుకైతే ఇంకా దగ్గరే ఉంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు రోడ్ల వెంట నాపరాయి ముక్కలు, పాలిష్ బురద ఎంత పడి ఉందో ఈ దారిన పోయే ప్రతివాళ్ళకూ తెలుసు. అది సున్నపురాయే. దాన్ని ఎత్తుకుపోవడానికి పరీక్షల తంటా కూడా తక్కువే, రవాణా లెక్క కుదిర్చే మనిషి కావాలి, అంతే.

ఎర్ర బురద విషయంలో రెండు తెలుగు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్ళనూ, గనుల శాఖలనూ కోరేది ఇది. లేటరైట్‌కు కొత్త లీజు అడిగే ప్రతి ఫ్యాక్టరీనీ ముందు ఎర్ర బురదతో ఎంత భర్తీ చేయగలదో లెక్క చూపమనండి. చూపకుండా లీజు ఇవ్వొద్దు. వాడుతున్న ఫ్యాక్టరీ ప్రతి లాట్‌కూ సోడియం, క్రోమియం, సీసం, ఆర్సెనిక్, పాదరసం, రేడియం అంకెలు మిల్లుకెక్కకముందే నమోదు చేయాలి, నెలనెలా గేటు దగ్గర బోర్డు మీద తెలుగులో అంటించాలి. చిమ్నీలో పాదరసం కొలవాలి. సైక్లోన్ల దగ్గరా, బురద దించేచోటా పనిచేసే కాంట్రాక్టు కార్మికులకు ఏటా ఊపిరితిత్తుల, చర్మ పరీక్షలు జరగాలి, కాగితాలు వాళ్ళ చేతికివ్వాలి. పర్యావరణ అనుమతుల కోసం ఊళ్ళలో పెట్టే ప్రజాభిప్రాయ సేకరణలో కిల్న్‌కు పోయే ముడిసరుకులో ఏమేం కలుపుతారో తెలుగు కాగితంలో ఉండాలి. ఇప్పుడిచ్చే సారాంశాల్లో ఎన్ని మొక్కలు నాటుతారో పేజీలకు పేజీలు రాస్తారు, బట్టీలో ఏం వేస్తారో ఒక్క వాక్యంలో తేల్చేస్తారు.

ఆ అంకెలు బయట పెడితే జనానికి అర్థం కావని ఫ్యాక్టరీలవాళ్ళు అంటారు. నేను ఆ మాట చాలాసార్లు విన్నాను. ఎర్రగుంట్లలో, తాడిపత్రిలో, పిడుగురాళ్ళలో, మాచర్లలో నాలాంటి రిటైర్డ్ కెమిస్టులు బోలెడుమంది ఉన్నారు. కాగితం గేటు మీద అంటించండి చాలు, చదివి ఊరివాళ్ళకు చెప్పే పని మేం చూసుకుంటాం.

ఇట్లు,
రిటైర్డ్ సిమెంటు కెమిస్టు,
ఎర్రగుంట్ల, కడప జిల్లా